ఎపాక్సీ మట్టిలో రాళ్ల నగలు

సానపట్టిన గాజు రాళ్లను మెత్తని ఎపాక్సీ ముద్దలో ఒక్కొక్కటిగా గుచ్చి, ముద్ద బిగుసుకున్నాక కమ్మగానో పతకంగానో ఉంగరంగానో వాడుకునే చేతిపని ఇది. ఈ రాళ్లను బయటి దేశాల్లో రైన్‌స్టోన్లు అంటారు. మన బజార్లో వాటికి అంత పేరు లేదు. తెల్లరాళ్లు, మెరుపు రాళ్లు, లేదంటే వట్టి రాళ్లు. రాళ్ల గాజులు, రాళ్ల నెక్లెస్ అన్నప్పుడు చాలాసార్లు మనం అనేది వీటినే. ఎపాక్సీ మట్టి పేరుకే మట్టి. అందులో కుమ్మరి మట్టి లేదు, ఆవంలో కాల్చే పనీ లేదు. రెండు ముద్దలను సమంగా తీసుకుని కలిపి పిసికితే గంటా రెండు గంటల్లో బిగుసుకోవడం మొదలై, మర్నాటికి గట్టిపడే రసాయన పదార్థం అది. ఇంట్లో నీళ్ల పైపు కారితే ప్లంబరు పెట్టే ఎం-సీల్ దీనికి దగ్గరి చుట్టం.

నగ చూసేవాళ్ల కన్ను రాయి మీద ఉంటుంది. చేసేవాళ్ల కన్ను రాయి కింద ఉన్నదాని మీద ఉంటుంది. రాయిని పట్టి ఉంచేది ఏమిటి? అది ఎంతసేపు మెత్తగా ఉంటుంది? ఒకసారి బిగిశాక మళ్లీ వదులుతుందా? రాళ్ల నగల పద్ధతులు ఒకదాని నుంచి ఒకటి వేరుపడింది ఈ ప్రశ్నల దగ్గరే. ఖమ్మం నుంచి భద్రాచలం మీదుగా ఛత్తీస్‌గఢ్ దాకా పరుచుకున్న అడవి అంచున ఈ కథలోని ముఖ్యమైన సరుకంతా దగ్గరదగ్గరగా దొరుకుతుంది. నేలలో ఎర్రరాయి, చెట్టు మీద లక్క, గుళ్లో రామదాసు నగలు, తిరునాళ్లలో గాజు రాళ్ల దుద్దులు.

గరీబ్‌పేట ఎర్రరాయి

కొత్తగూడెం, పాల్వంచల దగ్గరున్న గరీబ్‌పేట గుట్ట గార్నెట్ రాళ్లకు పేరుపడింది. ఊదా కలిసిన ముదురు ఎరుపు రంగులో ఉండే అల్మండిన్ రకం అది. గుట్ట రాతిలో పుట్టి, వానల కోతకు కిందికి జారి, చుట్టుపక్కల మట్టిలోనూ గులకలోనూ కలిసిపోయి దొరుకుతుంది. పుదుచ్చేరి పక్కన అరికమేడు దగ్గర దొరికిన ప్రాచీన గార్నెట్లను జర్మన్, ఫ్రెంచ్, భారతీయ పరిశోధకులు గరీబ్‌పేట రాళ్లతో పోల్చి, రసాయన కూర్పూ రాయి లోపలి మలినాలూ సరిపోలుతున్నాయని 2017లో ప్రకటించారు. రోమన్లతో వర్తకం చేసిన ఆ రేవులో పూసలుగా మారిన రాయి మన పాల్వంచ వైపుదన్నమాట.

క్రీ.శ. 5 నుంచి 7వ శతాబ్దం వరకు యూరప్‌లో గార్నెట్ పలకలను బంగారు గూళ్లలో బిగించిన నగలకు గొప్ప గిరాకీ ఉండేది. ఆ రాళ్లలో చాలా భాగం భారతదేశం నుంచి వెళ్లినవేనని విశ్లేషణలు చెబుతున్నాయి. గూటి అడుగున సుద్ద, మైనం, ఇసుక వంటివాటితో చేసిన ముద్ద, దానిమీద గళ్లు కొట్టిన పలుచని బంగారు రేకు, ఆపైన రాయి. మన విషయానికి రాయి కన్నా ఆ మూడంతస్తుల అమరికే ముఖ్యం. నేటి రైన్‌స్టోన్ నగలోనూ అవే మూడంతస్తులు. కాకపోతే మెరుపు రేకు విడిగా పరవనక్కర్లేకుండా రాయి వీపుకే అంటుకుని వస్తుంది.

లక్క

మోదుగ, రేగు, పుసుగు చెట్ల లేత కొమ్మల మీద చేరి రసం పీల్చే చిన్న పురుగు తన ఒంటి చుట్టూ ఊరించుకునే బంకే లక్క. పురుగు పేరు కెరియా లక్కా. కొమ్మంతా ఎర్రటి పొక్కులా పేరుకున్నాక గీకి, కడిగి, కరిగించి పలకలుగా తీస్తారు. దీనిమీద పరిశోధనకు 1924లోనే రాంచీ దగ్గర ప్రత్యేక సంస్థ ఏర్పడింది. ఇప్పుడు దేశంలో లక్క ఎక్కువగా వచ్చేది ఝార్ఖండ్ నుంచి, భద్రాచలం అడవికి ఆనుకునే ఉన్న ఛత్తీస్‌గఢ్ నుంచి. అటవీ ఉత్పత్తులకు కేంద్రం 2013–14లో కనీస మద్దతు ధర తెచ్చినప్పుడు లక్క మొదటి జాబితాలోనే ఉంది. గోదావరికి ఇటువైపు ఏజెన్సీలో మాత్రం అడవి పంట అనగానే గుర్తొచ్చేవి తునికాకు, ఇప్పపువ్వు, తపసి బంక. లక్కది వాటి వెనకవరస.

నగల పనిలో మాత్రం లక్కది ముందువరసే. సుమారు 65 నుంచి 80 డిగ్రీల మధ్య అది మెత్తబడి కరుగుతుంది, చల్లారగానే గట్టిపడుతుంది, మళ్లీ సెగ తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. పాండవులను కాల్చడానికి దుర్యోధనుడు లక్క ఇల్లే ఎందుకు కట్టించాడో కంసాలికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పిల్లలాడుకునే లక్కపిడతల మెరుపూ, ఏటికొప్పాక బొమ్మల రంగూ దీని చలవే. కుందనం పనిలో బోలు నగ కడుపు నిండా లక్క పోస్తారు. గూట్లో రేకు వేసి, రాయిని కూర్చోబెట్టి, చుట్టూ మేలిమి బంగారు రేకును నొక్కి బిగిస్తారు. బయటికి కనిపించేది బంగారం; లోపల రాయి బరువు మోసేది లక్క.

ఈ ప్రాంతంలో రాళ్ల నగ అంటే ముందుగా గుర్తొచ్చేవి భద్రాద్రి రాముడి నగలు. రామదాసుగా పేరుపడ్డ, నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న, గోల్కొండను 1672 నుంచి 1687 వరకు ఏలిన అబుల్ హసన్ తానీషా కాలంలో పాల్వంచ పరగణాకు తహశీల్దారు. గుడి కట్టించిందీ, నగలు చేయించిందీ, వాటి ఖర్చు మీద చెరసాల పాలైందీ తెలుగువాళ్లందరికీ తెలిసిన కథే. సీతమ్మకు చింతాకు పతకం, రాముడికి కలికితురాయి, భరతుడికి పచ్చల పతకం, లక్ష్మణుడికి ముత్యాల పతకం, శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు. చెరసాల కీర్తనలో ఆయన వీటిని పేరుపేరునా, ఖర్చుతో సహా దేవుడికి అప్పజెప్పాడు. భక్తి సాహిత్యంలో కంసాలి పద్దుకు ఇంత దగ్గరగా వచ్చిన రచనలు అరుదు. ఆయన చేయించినవిగా చెప్పే నగలను నేటికీ శ్రీరామనవమి కల్యాణానికి మూర్తులకు అలంకరిస్తారు.

అడవి లోపలి అలంకారం తీరు వేరు. కోయలు, కొండరెడ్ల అలంకారంలో పూసల దండలదీ లోహపు కడియాలదీ పెద్దపీట. కొమ్ము కోయ నృత్యంలో తలపాగాకు అడవిదున్న కొమ్ములూ నెమలి ఈకలూ కడతారు. రాయి తాపిన నగ అక్కడికి గుడి ద్వారా, సంత ద్వారా, సూదులూ దువ్వెనలూ పూసలూ బుట్టలో పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మే పూసల కులస్థుల ద్వారా వెళ్లిన సరుకు.

ఎపాక్సీ నగకు అసలైన అక్క హైదరాబాద్ లాడ్ బజార్ లక్క గాజు. 1591లో కట్టిన చార్మినార్ పక్క వీధి అది. బొగ్గుల కుంపటి మీద లక్కను మెత్తబరిచి, రాతిపొడి కలిపి సాగదీసి, లోహపు వలయం చుట్టూ చుట్టి, వేడి ఆరకముందే రంగు రాళ్లనూ అద్దాలనూ ఒక్కొక్కటిగా అద్దుతారు. చల్లారితే మళ్లీ కుంపటి దగ్గరికి. 2024 మార్చిలో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. మెత్తని ముద్దలో గాజు రాయిని గుచ్చడమనే పని తెలుగునేల మీద ఇంత కాలంగా, ఇంత పెద్ద ఎత్తున జరుగుతున్న చోటు నా ఎరుకలో మరొకటి లేదు. ఎపాక్సీ వచ్చి చేసిందల్లా కుంపటిని తీసేయడం.

రాళ్ల సంగతి

రైన్ నది గులకల్లో దొరికే తెల్లని స్ఫటిక రాళ్లకు సానపట్టి నగల్లో వాడడం వల్ల రైన్‌స్టోన్ అనే పేరు వచ్చింది. 18వ శతాబ్దంలో పారిస్‌లో స్థిరపడ్డ జార్జ్ ఫ్రెడరిక్ స్ట్రాస్ అనే నగల వర్తకుడు సీసం ఎక్కువగా కలిపిన గాజుతో వజ్రానికి నకలు చేసి పేరు తెచ్చుకున్నాడు. యూరప్‌లో చాలా చోట్ల ఈ రాయిని ఇప్పటికీ స్ట్రాస్ అనే పిలుస్తారు. చేతిసాన నుంచి యంత్రానికి మారిన మలుపు బొహీమియాలో వచ్చింది. అక్కడ పుట్టిన డానియల్ స్వరోవ్‌స్కీ 1892లో రాళ్లు కోసే యంత్రానికి పేటెంటు తీసుకుని, 1895లో ఆస్ట్రియాలోని వాటెన్స్‌లో కర్మాగారం పెట్టాడు. ఇంద్రధనుస్సు రంగులు తిరిగే పూత రాళ్లు 1956లో వచ్చాయి. సీసం లేని గాజు 2012 నాటి మాట.

మన దగ్గర నకలు నగకు మచిలీపట్నం పక్కన చిలకలపూడి పెట్టింది పేరు. అసలు కాని బంగారాన్ని చిలకలపూడి బంగారమనడం వెక్కిరింపుగా మొదలై ఉండొచ్చుగానీ, రోల్డుగోల్డు పనిలో ఆ ఊరి నైపుణ్యం వెక్కిరించదగ్గది కాదు.

కొనేటప్పుడు చూడవలసింది రాయి వీపు. బల్లపరుపు వీపు రాయి గుడ్డమీద, ప్లాస్టిక్ మీద జిగురుతో అంటించడానికి పనికొస్తుంది. కోసుగా దిగిన వీపుదైతే ఎపాక్సీ మట్టికి సరైనది. కోసు ముద్దలో దిగబడి నాటుకుంటుంది. వీపు మీద వెండిపూత, దానిపైన రక్షణగా బంగారు రంగు లక్కర ఉంటాయి. ఆ లక్కర గీసుకుపోయి నీళ్లు పోతే రాయి నల్లబడుతుంది, ఇక దానికి మందు లేదు. కొలతలను ఎస్‌ఎస్, పీపీ అనే అంకెల్లో చెబుతారు. పీపీ 24 అంటే సుమారు 3 మిల్లీమీటర్లు, ఎస్‌ఎస్ 16 అంటే సుమారు 4.

రెండు ముద్దలు

1930ల్లో స్విట్జర్లాండ్‌లో పియెర్ కాస్టాన్ అనే రసాయన శాస్త్రవేత్త కట్టుడు పళ్లకు పనికొచ్చే పదార్థం కోసం వెతుకుతూ ఎపాక్సీ రెసిన్‌ను తయారుచేశాడు. దాని హక్కులు తీసుకున్న సీబా కంపెనీ 1946లో అరాల్డైట్ పేరుతో జిగురుగా బజారులో పెట్టింది. నోట్లో పన్ను నిలబెట్టడానికి పుట్టిన సరుకు చెవికమ్మలో రాయి నిలబెట్టే పనికి రావడం అంత వింతేమీ కాదు, రెండు చోట్లా పని ఒకటే.

ఒక ముద్దలో రెసిన్, రెండోదాంట్లో దాన్ని గట్టిపరిచే అమైన్ జాతి రసాయనం. రెండింట్లోనూ సుద్ద, టాల్కం వంటి మెత్తని పొడి కలపబట్టే జిగురు కాస్తా పిండిలా చేతికి వస్తుంది. రెసిన్ అణువు కొసల్లో రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్ కలిసి ఇరుకైన త్రికోణంలా ఉంటాయి. అమైన్ తగలగానే ఆ త్రికోణం విడిపోయి అణువుకు అణువు ముడిపడుతుంది. ముడులు అన్ని వైపులా పడి వలలా అల్లుకుంటాయి. లక్క కరిగినప్పుడు అణువులు ఒకదాని మీద ఒకటి జారతాయంతే. ఇక్కడ పడ్డ ముడి సెగ పెట్టినా విడదు. లక్క వేడికి మెత్తబడుతుంది, ఎపాక్సీ వేడికి గట్టిపడుతుంది. రెంటితోనూ పనిచేసేవారు మనసులో ఉంచుకోవలసిన తేడా ఇదే.

పైపుల ఎం-సీల్‌తోనూ నగ చేయొచ్చుగానీ రంగు బాగుండదు, రేణువు ముతక. బొమ్మల పనికని మౌల్డిట్ పేరుతో దొరికే రెండు ముద్దల రకం ఇంటిపనికి చాలు. రంగురంగుల్లో మెత్తగా వచ్చే నగల రకాలు వేరే ఉన్నాయి, ధరా వేరే.

పని తీరు

మూడు సెంటీమీటర్ల గుండ్రని పతకం చేయాలనుకుందాం. అడుగున చుట్టూ అంచు లేచిన ఇత్తడి లేక స్టీలు బిళ్ల కావాలి. దాని లోపలి ముఖాన్ని గరుకు కాగితంతో గీకి, స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టాలి. నూనె చెయ్యి తగిలిన లోహానికి ఎపాక్సీ పట్టదు. చాలామంది దాటవేసేది ఈ మెట్టే, పతకం మొత్తం అప్పడంలా ఊడొచ్చేదీ ఇందుకే.

రెండు మిల్లీమీటర్ల మందానికి రెండు మూడు గ్రాముల మట్టి సరిపోతుంది. రెండు ముద్దలూ ఒకే పరిమాణంలో ఉండాలి. కంటితో అంచనా వేయడం కన్నా రెండు గోళీలు చుట్టి పక్కపక్కన పెట్టి చూసుకోవడం నయం. ఒకటి ఎక్కువైతే నెల గడిచినా జిగట పోదు. చారలు కనిపించనంత వరకు పూరీ పిండిలా పిసకాలి. రంగు కావాలంటే ఈ దశలోనే పొడి రంగు కొద్దిగా కలుపుకోవాలి. తెల్లరాళ్ల కింద తెలుపో బూడిదో, ఎర్రరాళ్ల కింద ముదురు ఎరుపో నప్పుతుంది. రాళ్ల సందుల్లో కనిపించేది ఆ రంగే. సందుల్లో బంగారు రంగు మైకా పొడి అద్దితే దూరం నుంచి కుందనం నగలా ఉంటుంది. దగ్గర నుంచి ఉండదు, ఆ ఆశ పెట్టుకోవద్దు.

ముద్దను బిళ్లలో పరిచి, అంచుల దాకా ఒత్తి, నడిమికి కాస్త ఎత్తుగా దిద్దాలి. పావుగంట ఆగితే జిగట తగ్గి రాయి నిలుస్తుంది. రాయిని వేళ్లతో పట్టకూడదు. పుల్ల చివర మైనం ముద్ద పెట్టి, దాన్ని రాయి నెత్తికి తాకిస్తే అది లేచి వస్తుంది. అడవి తేనె దొరికే ఊళ్లలో తేనెమైనం కొదవలేదు, కొంచెం బొగ్గుపొడి కలిపి పిసికితే అంటు తగ్గుతుంది.

నడిమి రాయి ముందు పెట్టాలి, తరవాత దాని చుట్టూ ఆరు, వాటి చుట్టూ పన్నెండు, అలా తేనెపట్టు వరసలో. అంచు నుంచి మొదలుపెట్టిన వాళ్లకు చివర్లో నడిమన రాయిపట్టని ఖాళీ మిగులుతుంది. 3 మిల్లీమీటర్ల రాళ్లతో ఈ పతకానికి 75 నుంచి 80 పడతాయి. ఒక్కో రాయినీ నడుము దాకా దింపాలి, అంటే పై సానముఖాలూ కింది కోసూ కలిసే అంచు ముద్ద మట్టానికి రావాలి. అలా దింపినప్పుడు సందుల్లోంచి మట్టి సన్నగా పైకి లేచి రాయి నడుమును పట్టుకుంటుంది. బంగారు నగలో కంసాలి లేపే సన్నని గోళ్ల పని ఇక్కడ ఆ లేచిన మట్టే చేస్తుంది. తక్కువ దింపితే రాయి రాలుతుంది, ఎక్కువ దింపితే మునిగి వెలుగు పోతుంది. అన్నీ పెట్టాక చదునైన గాజు పలకతో మెల్లగా ఒత్తితే మట్టం సరిపోతుంది.

రాళ్ల మీద చేరిన మట్టిని తడి దూదితో, ఆపైన స్పిరిట్ చుక్కతో అప్పుడే తుడిచేయాలి. మర్నాడు తుడుద్దామనుకుంటే తుడవడం ఉండదు, గీకడమే. 24 గంటలు కదపకూడదు. పూర్తి బలం రావడానికి వారం పడుతుంది.

ఎండ, వాన, చలి

అట్టపెట్టె మీద రాసిన సమయాలు సుమారు 25 డిగ్రీల గదికి చెప్పినవి. ఖమ్మం, కొత్తగూడెంలలో మే నెల పగలు 40 దాటడం మామూలే. వేడి 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం దాదాపు రెట్టింపవుతుందని మోటు లెక్క. ఆ లెక్కన రెండు గంటలన్న పనివేళ 40 డిగ్రీల దగ్గర ముప్పావు గంటకు దిగుతుంది. ఎనభై రాళ్లు పెట్టడానికి కొత్త చేతికి అది చాలదు. తెల్లవారుజామునే కూర్చోవడం, మట్టిని రెండు మూడు విడతలుగా కలుపుకోవడం, కలపని ముద్దలను ఫ్రిజ్‌లో ఉంచడం ఇక్కడి వేసవికి తగిన ఏర్పాట్లు. కలిపిన ముద్దను ఉండగా వదిలేస్తే దాని వేడి దానికే తోడై ఇంకా తొందరగా బిగుస్తుంది, పలుచగా పరిచి ఉంచాలి. డిసెంబరు చలిలో దీనికి తలకిందులు: మర్నాటికి గట్టిపడవలసింది రెండు రోజులు తీసుకుంటుంది.

గోదావరి వరదల రోజుల్లో గాలి తడికి ముద్ద పైన నూనెలాంటి పలుచని పొర చేరడం కద్దు. అమైన్ గాలిలోని తేమతో, బొగ్గుపులుసు వాయువుతో కలవడం వల్ల వచ్చేది. గట్టిపడ్డాక గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డతో తుడిస్తే పోతుంది. ఎండలో ఆపిన కారు అద్దం వెనక ఈ నగలు పెట్టి మరిచిపోకూడదు. గది వేడిలో బిగిసిన ఎపాక్సీ కరగదు గానీ, 50–60 డిగ్రీలు దాటితే కొంత మెతకబడి రాయి పట్టు సడలుతుంది.

నమూనాలు

ఈ మట్టికి అచ్చు, నిప్పు, టంకం అక్కర్లేదు కాబట్టి ఆకారానికి హద్దు తక్కువ. ఆ స్వేచ్ఛతో చాలామంది హృదయం గుర్తులూ నక్షత్రాలూ చేసి ఆపేస్తారు. గుండ్రని పూస చుట్టూ రాళ్లు గుచ్చిన షంబాలా పూసలు ఈ పద్ధతితో లోకమంతా పాకాయి. మన దగ్గర పాత పేర్లు ఎన్నో ఉన్నాయి: మామిడిపిందె, జడబిళ్ల, పాపిటబిళ్ల, సూర్యవంక, చంద్రవంక, వంకీ. చింతాకు పతకం పేరునే నమూనాగా తీసుకుంటే, నడుమ ఈనె గీసి అటూ ఇటూ 2 మిల్లీమీటర్ల పచ్చరాళ్లు జంటగా పేర్చుకుంటూ పోతే చింతరెమ్మ దిగుతుంది. ఆకు సన్నగా ఉన్నచోట ఒక్క రాయి, వెడల్పైన చోట రెండు. కూచిపూడి వేషాలకు తేలిక బూరుగు చెక్కతో చేసే నగల సంప్రదాయం ఒకటుంది. చెక్క మీద పలుచగా ఎపాక్సీ పరిచి రాళ్లు గుచ్చితే బరువు పెరగకుండా మెరుపు వస్తుంది. రంగస్థల కిరీటాలకూ భుజకీర్తులకూ అదే దారి.

ఒళ్లు, ఊపిరి

గట్టిపడిన ఎపాక్సీ చర్మానికి మామూలుగా హాని చేయదు, పచ్చి ముద్ద చేస్తుంది. ఉత్త చేతులతో రోజూ పిసికేవారికి వేళ్ల సందుల్లో దురద, పొక్కులు మొదలై, ఒకసారి అలర్జీ పట్టుకుంటే జీవితాంతం వదలకపోవచ్చు. నైట్రైల్ చేతి తొడుగులు వేసుకోవాలి. పలుచని ప్లాస్టిక్ తొడుగులు చాలవు. గట్టిపడ్డాక అంచులు అరగదీస్తే లేచే దుమ్ము పీల్చకూడదు, తడిపి అరగదీయడం మేలు. చవక లోహపు బిళ్లల్లో నికెల్ ఉంటే చెవి పుండు పడొచ్చు. పాత రకం రాళ్లలో సీసం ఉంటుంది కాబట్టి పసిపిల్లలకు అందనీయరాదు. అందం కోసం గురిగింజలు కూడా గుచ్చేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: ఆ గింజకు కన్నం వేసినా, పగిలినా లోపలిది విషం.

మరమ్మతు

లక్క గాజులో రాయి ఊడితే పనివాడు దాన్ని సెగకు చూపించి, మెత్తబడ్డ గుంటలో మరో రాయి అద్దేస్తాడు, నిమిషం పని. ఎపాక్సీలో ఆ వీలు లేదు. ఊడిన గుంటను సన్నని డ్రిల్లు మొనతో కొంచెం లోతు చేసి, పొడి దులిపి, ఆవగింజంత కొత్త మట్టి పెట్టి, రాయిని కూర్చోబెట్టి, మళ్లీ ఒక రోజు ఆగాలి. చిక్కు అక్కడ కాదు, రాయి దగ్గర వస్తుంది. ఒక్కో పొట్లం రాళ్లది ఒక్కో ఛాయ. ఆరు నెలల తరవాత అదే అంకె చెప్పి కొన్నా పాతవాటి పక్కన తేడా కొడుతుంది. అందుకే పతకం చేసిన రోజునే అదే పొట్లంలోంచి పది రాళ్లు తీసి, చిన్న కాగితంలో మడిచి, నగ పేరు రాసి దాచుకుంటారు తెలిసినవాళ్లు.